దోమలు కుట్టలేదు గానీ...

అక్టోబరు రెండో వారం. వానలు తగ్గాయి, అడవి ఇంకా ఆరలేదు. రాజమండ్రిలో పొద్దున్నే బయల్దేరి, గోకవరంలో ఇడ్లీలు తిని, రంపచోడవరం మీదుగా, దారిలో భూపతిపాలెం రిజర్వాయరు దగ్గర కాసేపు ఆగి, మధ్యాహ్నానికి మారేడుమిల్లి చేరాం. నేనూ, మా ఆయనా, న్యూజెర్సీ నుంచి సెలవుకొచ్చిన మా మరిదీ. నాకు పిట్టల పిచ్చి. మా ఆయనకి బొంగు చికెన్ పిచ్చి. మరిదికి దోమల భయం.

భయం ఉత్తదేం కాదు. మన్యంలో మలేరియా ఎప్పట్నుంచో ఉన్నదే. అందుకే అతను అక్కణ్నుంచే చిన్న సీసా ఒకటి తెచ్చుకున్నాడు. మీద 98% డీట్ అని ఉంది.

"వదినా, ఇది 1946లో అమెరికా సైన్యం కోసం తయారుచేసిన మందు. రాసుకుంటే దోమ మన ఛాయలకి రాదు" అన్నాడు.

నిజమే, రాలేదు.

వాగు పక్కన అద్దె గుడారాల్లో దిగాం. ఎండ వాలుతుండగా ముగ్గురం ఆ మందు అరచేతుల్లో ఒంపుకుని మెడకీ, చెవులకీ, మడమలకీ పులుముకున్నాం. మాకు దారి చూపించడానికొచ్చిన కొండరెడ్డి పెద్దాయన కూడా సరదాగా నాలుగు చుక్కలు రాసుకున్నాడు. నేను అదే చేతుల్తో బైనాక్యులర్స్ అందుకున్నాను. ఎదురుగా చెట్టు మీద టెన్నిస్ రాకెట్ లాంటి తోకున్న డ్రాంగో పిట్ట. తోక చివర రెండు పొడవాటి ఈనెలు, వాటి కొసల్లో రెండు కుచ్చులు. ఎగురుతుంటే రెండు తుమ్మెదలు దాన్ని తరుముతున్నట్టుంటుంది. ఇంకో పిట్ట గొంతు దొంగిలించి కూస్తుంది కూడా. ముప్పావుగంట కళ్లు తిప్పుకోలేదు.

"ఇదేంటే, దీనికి బెల్లం పాకం పూశావా?" అన్నాడు మా ఆయన, బైనాక్యులర్స్ అందుకోగానే.

చూస్తే, పైన ఉండే నల్ల రబ్బరు తొడుగు మెత్తబడి జిగురైపోయింది. నా బొటనవేళ్లు ఆనిన చోట ముద్రలు దిగాయి, ఆస్తి కాగితం మీద నిశానీ పడ్డట్టు. కంగారులో నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, టిష్యూ కాగితం తీసుకుని గట్టిగా రుద్దాను. జిగురు పోలేదు సరికదా, పైపొర కాస్త లేచొచ్చి దానికి కాగితం నూగు అంటుకుంది.

చీకటి పడ్డాక తలకి కట్టుకునే లైటు వేస్తే పొగమంచులో హెడ్‌లైటులా వెలిగింది. ముందున్న ప్లాస్టిక్ అద్దం తెల్లగా మసకబారింది. మా ఆయన చేతికున్న హెచ్ఎంటీ వాచీదీ అదే గతి. పాత హెచ్ఎంటీలకి ఉండేది గాజు కాదు, యాక్రిలిక్ అనే ప్లాస్టిక్. ముల్లు కనిపిస్తోంది, అంకెలు కనిపించట్లేదు. పొద్దున లేచి చూస్తే మరిది ప్లాస్టిక్ వానకోటు మడత మడతకీ అతుక్కుపోయింది. లాగితే చంక దగ్గర చిరిగింది. "నా నలభై డాలర్లు!" అని ఒక్క కేక పెట్టాడు.

అప్పుడు తీశాం సీసా. చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: కొన్ని సింథటిక్ బట్టలనీ, ప్లాస్టిక్‌నీ, వాచీ అద్దాలనీ, రంగు లేదా వార్నిష్ వేసిన వాటినీ ఇది పాడుచేయవచ్చని. ముందురోజు చదివుంటే బావుండేది. ఇంతకీ ఆ సీసా మాత్రం చెక్కుచెదరలేదు. అది పాలిథిలిన్ ప్లాస్టిక్.

డీట్ ప్లాస్టిక్‌ని కాల్చేసే యాసిడ్ లాంటిది కాదు. ప్లాస్టిక్ లోపలి పొడుగాటి గొలుసుల మధ్యకి దూరి వాటిని వదులు చేస్తుంది. పాలికార్బొనేట్, యాక్రిలిక్, పీవీసీ, స్పాండెక్స్, రేయాన్ దానికి లొంగిపోతాయి. నూలు, ఉన్ని, నైలాన్, పాలిథిలిన్ లొంగవు. అందుకే మా నైలాన్ గుడారానికి ఏమీ కాలేదు, దానికి కుట్టిన పారదర్శకపు కిటికీ మాత్రం ముడతలు పడింది. పెద్దాయన నూలు తువ్వాలు, గాజు బిళ్లున్న స్టీలు టార్చి నిక్షేపంగా ఉన్నాయి. "మందు మంచిదేనమ్మా, మీ సామానే మంచిది కాదు" అన్నాడాయన.

ఆ పొద్దున జీపులో గుడిస కొండ ఎక్కాం. కింద లోయంతా మంచు, పైన గడ్డి కొండలు. నా బైనాక్యులర్స్ లెన్సులు గాజువి కాబట్టి చూపుకి లోటు లేదు. కాకపోతే వేలు పెట్టినప్పుడల్లా రబ్బరు తొడుగు అంటుకుంటోంది, రుమాలు చుట్టి పట్టుకున్నాను.

అసలు పని ఇంటికొచ్చాక మొదలైంది. డీట్ నీళ్లలో కరగదు, అంత త్వరగా ఆవిరీ కాదు. ఉత్త నీళ్లతో కడిగితే దులిపినట్టే, సబ్బు ఉండాలి. మా ఆయన తన లైటుని ఆ రాత్రే ఒంటి సబ్బుతో కడిగేశాడు, అందుకే అది నా దానికన్నా తక్కువ పాడైంది. కడిగాక ముట్టుకోకుండా నీడలో వదిలేయాలి. మెత్తగా ఉన్నప్పుడు రుద్దితే ఏమవుతుందో నా టిష్యూ చెప్పింది కదా. నేను వారం ఆగాను.

గట్టిపడ్డాక లైటు అద్దానికి ఉప్పు కాగితం పట్టాను. హార్డ్‌వేర్ షాపులో వాటర్ పేపర్ అంటారు, తడిపి రుద్దేది. ముందు 1000 నంబరు, తర్వాత 1500, ఆపైన 2000. ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా. చివర్లో తెల్ల టూత్‌పేస్టు మెత్తటి గుడ్డ మీద వేసి పావుగంట. జెల్ పేస్టు పనికిరాదు. ముందున్నంత స్వచ్ఛంగా రాలేదు గానీ వెలుగు బాగానే పడుతోంది. ఇలాంటి అద్దాలకి స్పిరిట్ మాత్రం తగిలించకూడదు, సన్నటి పగుళ్లు వస్తాయి.

బైనాక్యులర్స్ రబ్బరుకైతే స్పిరిట్ పనికొచ్చింది. గుడ్డ తడిపి, ఒక్కో చోట ఒకే తుడుపు, లెన్సుల వైపు పోకుండా. తర్వాత పిల్లల పౌడరు చల్లి ఒక రాత్రి ఉంచి దులిపేశాను. జిగట పోయింది, ముద్రలు పోలేదు.

వాచీ నేను ముట్టుకోలేదు. రాజమండ్రిలో మాకు తెలిసిన రిపేరాయన దాన్ని వెలుతురుకి పట్టి చూసి, "దోమల మందాండీ?" అన్నాడు. ఇత్తడి పాలిష్ పెట్టి ఓ పది నిమిషాలు గుండ్రంగా రుద్దిచ్చాడు. గీత లేదు! గుడారం కిటికీని అలాగే వదిలేశాం. వానకోటు బాగుపడలేదు, కత్తిరించి స్కూటర్ సీటు మీద వేశాం.

నిజానికి 98% అక్కర్లేదు. శాతం పెరిగితే మందు ఎక్కువసేపు పనిచేస్తుంది తప్ప దోమని ఇంకా గట్టిగా ఏమీ తరమదు. ఆ లాభం కూడా 50% దగ్గరే ఆగిపోతుంది. ఈసారి 20% ఇకారిడిన్ అనే ఇంకో దోమల మందు కొన్నాను, అది ప్లాస్టిక్ జోలికి రాదు. డీటే రాసుకోవాల్సి వస్తే అరచేత్తో కాకుండా చేతి వెనకవైపుతో పులుముకుని, అరచేతులు సబ్బుతో కడిగాకే సామాను ముట్టుకోవాలి.

సగం మిగిలిన సీసాని మరిది ఇక్కడే వదిలి వెళ్లాడు. పోయిన వారం ఫోన్ చేసి, "వదినా, దాంతో కారు హెడ్‌లైట్లు తుడిస్తే తళతళలాడతాయట" అన్నాడు. తళతళలాడతాయి, నాలుగు రోజులు. పై పొర కరిగి నునుపు తేలుతుంది, తర్వాత మళ్లీ పసుపెక్కుతుంది. పక్కన బంపరు రంగు సంగతి సరేసరి.

"మీ కారుకి చేసి చూడు" అన్నాను.