శ్రీరామనవమి ఫొటోల మెయిల్ దగ్గర ఆగిపోయిన బ్యాకప్

ఎట్టకేలకు దొరికింది! నాన్నగారి మెయిళ్లలో కొన్ని మాత్రమే బ్యాకప్‌కి ఎందుకు ఎక్కడం లేదో తేలిపోయింది.

ఫొటోలు, స్కాన్ చేసిన పొలం కాగితాలు, గూగుల్ టేకౌట్‌తో జీమెయిల్ నుంచి దించిన ఎంబాక్స్ ఫైలు అన్నీ ఇంట్లోని నాస్‌కి (ఇంటి నెట్‌వర్క్‌లో ఉండే స్టోరేజ్ పెట్టెకి) సాఫీగా చేరాయి. కానీ ఎంబాక్స్ ఒక్కదాన్నే నమ్ముకోవడం నాకిష్టం లేదు. వేల మెయిళ్లు ఒకే ఫైల్లో ఉంటే, మధ్యలో ఎక్కడైనా పాడైనప్పుడు వెతుక్కోవడం నరకం. అందుకే థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో తెరిచి, సబ్జెక్టే పేరుగా ఒక్కో మెయిల్‌ని ఒక్కో ఈఎంఎల్ ఫైలుగా విడదీశాను. తంటా అక్కడే మొదలైంది.

ఫైళ్లని నాస్‌కి కాపీ చేసే ఆర్‌సింక్ ప్రతిసారీ కోడ్ 23తో, అంటే కొన్ని ఫైళ్లు వెళ్లలేదంటూ ముగిసేది. లాగ్‌లో చూస్తే ఎర్రర్ 36, అంటే ఫైలు పేరు మరీ పొడవు. ఆగిపోయిన వాటిలో ఒకటి ఇది: "అమ్మమ్మ గారి ఊళ్లో శ్రీరామనవమి పందిరి ఫొటోలు కొన్ని". కంటికి కనిపించేవి 21 అక్షరాలు. అంతకు రెట్టింపు పొడవున్న ఇంగ్లిష్ సబ్జెక్టులు హాయిగా వెళ్లిపోతుంటే, ఇది పొడవెలా అవుతుంది?

ముందు ఫోల్డర్ల లోతు మీద అనుమానం వచ్చింది. ఫైలుని పై ఫోల్డర్‌లోకి తెచ్చినా అదే ఎర్రర్. తర్వాత ఐత్వం మీద అనుమానం. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు కాబట్టి అక్కడ పేర్లు తేడా పడుతున్నాయేమో అనుకున్నాను. ఐత్వం లేని పేర్లూ ఆగిపోయాయి. పై పేరులోంచి "కొన్ని" తీసేస్తే మాత్రం ఫైలు వెళ్లింది!

ఇక కొలవడమే మేలనిపించింది. ఉత్త "అ" అక్షరంతో ఖాళీ ఫైళ్లు చేసి చూశాను. 47 అ-లు వెళ్లాయి, 48 ఆగాయి. ఇంగ్లిష్ ఎ-లు 143 వెళ్లాయి, 144 ఆగాయి. 47 అ-ల పక్కన రెండు ఎ-లు పెడితే వెళ్లింది, మూడోది పెడితే ఆగింది. హద్దు సరిగ్గా 143 బైట్లు.

అక్షరాలని బైట్లుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8. అందులో ఇంగ్లిష్ అక్షరానికి ఒక్క బైటు, తెలుగు గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు. "శ్రీ"లో శ, పొల్లు, ర, దీర్ఘం కలిపి నాలుగు గుర్తులు, 12 బైట్లు. "స్త్రీ" అయితే 18. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల మధ్య కంటికి కనిపించని విడదీసే గుర్తుకీ 3 బైట్లే. అలా లెక్కేస్తే అమ్మమ్మ గారి ఊరి మెయిల్ పేరు, ఖాళీలూ చివరి డాట్ ఈఎంఎల్‌తో సహా 145 బైట్లు. రెండంటే రెండు ఎక్కువ!

ఈ 143 ఎక్కడిదంటే, నాస్‌లో ఆ ఫోల్డర్‌ని ఎన్‌క్రిప్ట్ చేసేది, అంటే ఇతరులు చదవలేని రూపంలోకి మార్చేది ఈక్రిప్ట్‌ఎఫ్ఎస్. అది ఫైలు పేరుని కూడా ఎన్‌క్రిప్ట్ చేసి ముందు తన గుర్తు తగిలిస్తుంది. దాంతో పేరు ఉబ్బుతుంది. అడుగున ఉన్న ఫైల్ సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్లని అమర్చే ఏర్పాటు) పేరుని 255 బైట్లు దాటనివ్వదు కాబట్టి అసలు పేరుకి మిగిలేది అంతే. ఇంగ్లిష్ పేర్లతో బతికేవాళ్లకి ఇది ఎప్పటికీ ఎదురుకాకపోవచ్చు. తెలుగులో ఫైళ్లకి పేర్లు పెట్టుకునే మనకి మాత్రం ఆరేడు మాటలకే గోడ తగులుతుంది. పేర్లు ఇంగ్లిష్‌లోకి మార్చేయమని సలహా ఇస్తారు కానీ నేను ఒప్పుకోను. పదేళ్ల తర్వాత వెతికేటప్పుడు నాకు గుర్తొచ్చేవి నాన్నగారి మాటలే.

రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్‌కి మారిపోయాను. అది డేటాని ముక్కలు చేసి తానే ఎన్‌క్రిప్ట్ చేసుకుంటుంది. మన పేర్లు ఆ ముక్కల లోపల భద్రంగా ఉంటాయి, డిస్క్ మీద కనిపించేవి 64 అక్షరాల హెక్స్ పేర్లే (అంకెలు, ఎ నుంచి ఎఫ్ దాకా ఇంగ్లిష్ అక్షరాలు). మొత్తం వెళ్లింది. కొన్ని మెయిళ్లు వెనక్కి తెచ్చి తెరిచాను, పేర్లు చెక్కుచెదరలేదు.

వెనక్కి తెచ్చేటప్పుడు లాప్‌టాప్‌లోని ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ట్4కీ 255 బైట్ల హద్దుంది. పేరు ముందు పెట్టే తేదీకి 11, చివరి డాట్ ఈఎంఎల్‌కి 4 పోతే 240 మిగులుతాయి, అంటే 80 తెలుగు గుర్తులు. పేర్లని అంతలోపు కత్తిరించే పైథాన్ స్క్రిప్ట్ రాస్తున్నాను. అక్షరం మధ్యలో తెగి పొల్లు దగ్గర ఆగకుండా చూడటమే ఇప్పుడు పని. పూర్తి సబ్జెక్టు ఎలాగూ మెయిల్ లోపల ఉంటుంది.

మూడో కాపీ విజయవాడలో అక్క వాళ్లింట్లో పెట్టాలి. బీరువాలో నెలల తరబడి కరెంటు లేకుండా పడుండేదానికి ఎస్ఎస్‌డీ కన్నా మామూలు హార్డ్ డిస్కే నయమని నా నమ్మకం, కాబట్టి డబ్ల్యూడీ 2 టీబీ తీసుకుంటున్నాను. రెస్టిక్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, డిస్క్‌తో కాకుండా విడిగా బావగారికి ఇస్తాను. సంక్రాంతికి వెళ్లినప్పుడు అక్కడే, కాపీ పాడవలేదని సరిచూసే రెస్టిక్ చెక్ కమాండ్‌ని మొత్తం డేటా చదివించి నడపాలి.