మైలురాళ్ళ మీద పేర్లు: నా ఆట ముగింపు ఎంతవరకు వచ్చింది

నేను చేస్తున్న వీడియో ఆట మొత్తానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆఖరి రెండు మూడు నిమిషాలకే ఇప్పటికి ఆరు వారాలయ్యాయి, ఇంకా తెమలలేదు. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాల్లో మాత్రమే కూర్చునే పని కాబట్టి ఆరు వారాలంటే పన్నెండు రోజులే అనుకోండి. అయినా ఎక్కువే.

కొత్తగా చదువుతున్నవారి కోసం చెబుతున్నాను. ఆట పేరు ‘ఆఖరి బస్సు’. మీరు కండక్టరు. రాత్రి పదిన్నరకు బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో బయలుదేరి, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి వెంట సాగి, పెనుకొండ దాటాక పక్కకు తిరిగి ఒక పల్లెకు తెల్లవారేసరికి చేరాలి. నిజానికి అది మూడు నాలుగు గంటల దారి. ఒక పంచరు, ఒక టీ కొట్టు, ఒక మూసిన రైలు గేటు పెట్టి రాత్రంతా సాగదీశాను. ఆఖరి స్టాపు దాకా వచ్చే ప్రయాణికులు తొమ్మిది మంది. టిక్కెట్లు కొట్టాలి, టీ కొట్టు దగ్గర నిద్ర లేపాలి, చిల్లర లేకపోతే టిక్కెట్టు వెనుక బాకీ రాసివ్వాలి. చేయడానికి ఇంతే ఉంది.

మొదటి వారం: డ్రైవరు నోరు మూయించాను

పాత ముగింపులో ఊరి పొలిమేరలో బస్సు ఆపి డ్రైవరు 41 మాటలు మాట్లాడేవాడు. ఎవరు ఎందుకు వచ్చారో, ఎవరి బాధ ఏమిటో విడమరిచి చెప్పేవాడు. రాసినప్పుడు నాకు కళ్ళు చెమర్చిన మాట నిజం. మారతహళ్ళిలో ఉండే మా వదిన ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. ఆమె ఒక్క మాటా చదవలేదు, టకటకా బటను నొక్కుతూ పోయింది. అదే బటను, ఆఖర్న వచ్చే ఆట చేసినవారి పేర్ల వరుసను దాటించేది కూడా కావడంతో పేర్లు రెప్పపాటులో మాయమై మొదటి మెనూ వచ్చేసింది. “అయిపోయిందా? ఎవరు చేశారో పేర్లు వేయవా?” అని అడిగింది.

తప్పు ఆమెది కాదు. 41 మాటల్లో 40 తీసేశాను. ఇప్పుడు డ్రైవరు “వచ్చేశాం” అని మాత్రం అంటాడు. బటను సంగతి కూడా సరిచేశాను. పేర్లు మొదలయ్యాక మొదటి సెకను ఏది నొక్కినా ఆట పట్టించుకోదు. అంతకు ముందు నుంచి నొక్కిపట్టిన బటనును ఒకసారి వదిలి మళ్ళీ నొక్కితేనే లెక్క. పూర్తిగా దాటేయాలంటే సెకనున్నర పాటు నొక్కిపట్టాలి, ఆ సమయమంతా మూలన ఒక చిన్న వలయం నిండుతూ కనిపిస్తుంది. ఇది చేయడానికి పట్టింది అరగంట. వదిన ఆడి ఉండకపోతే ఎప్పటికీ తట్టేది కాదు.

రెండో వారం: కింది నుంచి పైకి

అందరిలాగే నల్ల తెర మీద పేర్లు కింది నుంచి పైకి పాకించాను. వేగం సెకనుకు 45 పిక్సెళ్ళు పెట్టాను. పేర్లు వణికాయి. కారణం కాగితం మీద లెక్క వేస్తే గాని తెలియలేదు. నా తెర సెకనుకు 60 సార్లు మారుతుంది, అంటే ఒక్కో ఫ్రేముకు ముప్పావు పిక్సెలు. ఆట బొమ్మలన్నీ పూర్తి పిక్సెళ్ళ మీదే నిలవాలి కాబట్టి మూడు ఫ్రేములు కదిలి నాలుగో ఫ్రేములో ఆగుతుంది. కంటికి అదే వణుకు. సెకనుకు 60 చేయగానే నూనె పోసినట్టు సాగింది. 144 సార్లు మారే తెర మీద ఒక్కో పిక్సెలు రెండు ఫ్రేములో మూడు ఫ్రేములో నిలుస్తుంది గాని ఆ తేడా కంటికి ఆనదు.

వణుకు పోయింది. తీరా చూస్తే పేర్లు విసుగ్గా ఉన్నాయి. రాత్రంతా బస్సులో తిప్పి, చివర్లో నల్ల తెర ముందు కూర్చోబెట్టడం ఏమిటి? పాత తెలుగు సినిమాల్లో పేర్లన్నీ ముందే వచ్చేవి, చివర ‘శుభం’ పడగానే జనం లేచేవారు. పేర్లను మొదటికే మారుద్దామా అని ఒక రోజంతా ఆలోచించాను. కానీ మెజెస్టిక్‌లో బస్సు కదలక ముందే ఇరవై పేర్లు చదివించడం ఇంకా అన్యాయం.

మూడు, నాలుగు వారాలు: రాళ్ళు

ఆలోచన హెబ్బాళ వంతెన మీద ట్రాఫిక్‌లో వచ్చింది. పేర్లు ఎక్కడికీ పాకక్కరలేదు. బస్సు వెళుతుంది, పేర్లు రోడ్డు పక్కన రాళ్ళ మీద ఉంటాయి. మన రోడ్ల మీద రాయి తల రంగు చూస్తే అది ఎలాంటి రోడ్డో తెలుస్తుంది. పసుపు జాతీయ రహదారికి, ఆకుపచ్చ రాష్ట్ర రహదారికి, నారింజ పల్లె రోడ్డుకు. పేర్లకు వరుస దానంతటదే కుదిరింది. ఆట చేసినవాళ్ళు పసుపు రాళ్ళ మీద, ఆడి తప్పులు చెప్పిన పదకొండు మంది ఆకుపచ్చ రాళ్ళ మీద, శబ్దాలు, ఫాంట్లు ఇచ్చినవాళ్ళు నారింజ రాళ్ళ మీద. అంతా కలిపి 24 రాళ్ళు.

కథ, కోడ్, రూపకల్పన అంటూ నా పేరు మూడు రాళ్ళ మీద చెక్కుకున్నాను. మర్నాడు చూసుకుంటే సిగ్గేసింది. 1980లో అటారీ వారి ‘అడ్వెంచర్’ ఆటలో పేరు వేయనివ్వరని దాన్ని తయారు చేసిన వారెన్ రాబినెట్ ఒక రహస్య గది కట్టి అందులో తన పేరు దాచుకున్నాడు. నన్ను ఆపేవారెవరూ లేరు కాబట్టే ఇలా పెట్రేగాను. ఇప్పుడు ఒక్క రాయే ఉంది.

అసలు తిప్పలు అక్షరాలతో. నా ఆట బొమ్మ 320 పిక్సెళ్ళు అడ్డం, 180 నిలువు. దాన్ని ఆరింతలు చేస్తే పెద్ద తెరకు సరిపోతుంది. ఇంగ్లీషు అక్షరం ఎనిమిది పిక్సెళ్ళలో ఇరుకుతుంది. తెలుగుకు పైన గుడి కావాలి, కింద ఒత్తు కావాలి. ‘లక్ష్మి’ని ఎనిమిది పిక్సెళ్ళలో వేస్తే చీమ చచ్చినట్టుంది. అందుకని బొమ్మలను చిన్న తెరలోనే ఉంచి, పేర్లను మాత్రం పైన వేరే పొరలో పూర్తి స్పష్టతతో నోటో సాన్స్ తెలుగు ఫాంటులో వేశాను. అప్పుడు ఇంకో వింత. రాయి ఒక్కో పిక్సెలు చొప్పున, అంటే పెద్ద తెర మీద ఆరేసి చుక్కలు గెంతుతుంది. అక్షరాలు మాత్రం సన్నగా జారుతాయి. రాతి మీద పేరు సబ్బుబిళ్ళలా జారిపోతున్నట్టు కనబడింది. పేరు స్థానాన్ని విడిగా లెక్కపెట్టడం మానేసి, రాయి నిలిచిన పూర్తి పిక్సెలును ఆరుతో గుణించి అక్కడే పెడితే అతుక్కుంది.

నేను ఆట తయారీకి వాడే సాఫ్ట్‌వేర్ గోడాట్. అది వాడేవారికి ఇంకో మాట. మూడో వెర్షన్‌లో మన ఒత్తులు విడిపోయి పొల్లులతో వచ్చేవి. 2023లో వచ్చిన నాలుగో వెర్షన్, అక్షరాలు కూర్చే హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో అక్షరాలను సరిగ్గా కూరుస్తుంది. అయితే అక్షరం అక్షరంగా మాటలు పడేలా చేస్తే మళ్ళీ చిక్కే. ‘స్త్రీ’ అన్నది ముందు స, తర్వాత స్, తర్వాత స్త... ఇలా కళ్ళ ముందే వేషాలు మారుస్తుంది. తెర మీద మాటలు చూపే ‘లేబుల్’ అమరికల్లో, కనిపించే అక్షరాలను కూర్పుకు ముందు లెక్కించాలా తర్వాతా అని అడిగే చోటు ఉంది. ‘తర్వాత’ ఎంచుకోండి. నేను ఇది తెలియక డ్రైవరు 41 మాటలకూ ఒక్కో ఒత్తు దగ్గర విడివిడిగా విరామాలు పెట్టుకున్నాను, ఆ మాటలే ఇప్పుడు లేవు.

బొమ్మలు వేసిన స్నేహితురాలు కన్నడిగురాలు. ఆమె పేరు కన్నడ లిపిలోనే ఉంది. సరిహద్దు దాటక ముందు వచ్చే రాయి కాబట్టి అదే న్యాయం. తలకట్టు తేడాలు గమనించకుండా చదివేసే తెలుగువారు చాలామందే ఉంటారని నా నమ్మకం.

ఐదో వారం: రాళ్ళను జరపడం

సంగీతం ఇచ్చే మిత్రుడు పంపిన పాట నిమిషానికి 96 దెబ్బలు. నాలుగు దెబ్బలకు రెండున్నర సెకన్లు, అంటే నా వేగంలో 150 పిక్సెళ్ళు. నా రాళ్ళ మధ్య దూరం 160. మొదటి రాయి తాళానికి తెరలోకి వస్తుంది, రెండోది కాస్త ఆలస్యం, ఇరవై నాలుగోది వచ్చేసరికి 230 పిక్సెళ్ళ వెనకబాటు. పాటను 90కి తగ్గించమని ఫోను చేశాను. “పాట మార్చమంటావా? రాళ్ళు జరపలేవా?” అన్నాడు. జరిపాను. 24 రాళ్ళు, నాలుగేసి దెబ్బల ఆవర్తాలు 24, సరిగ్గా 60 సెకన్లు. చివరి రాయి తెరలో అడుగుపెట్టగానే బస్సు వేగం తగ్గుతూ మధ్యకు వచ్చి ఆగడానికి ఇంకో ఐదు సెకన్లు పడుతుంది, అప్పటిదాకా ఆఖరి స్వరం మోగుతూనే ఉంటుంది. పాట గడియారానికీ ఫ్రేముల గడియారానికీ మధ్య వచ్చే చిన్న తేడాను తెరలో ఉన్న రాళ్ళ మీద సరిచేస్తే అవి ఉలిక్కిపడతాయి. ఇంకా తెరలోకి రాని రాయిని మాత్రమే ఒకటి రెండు పిక్సెళ్ళు ముందుకో వెనక్కో జరుపుతున్నాను.

ఒక రాయి తెర దాటడానికి ఐదు సెకన్ల పైచిలుకు పడుతుంది. పేరు చదవడానికి చాలు. కానీ మా అమ్మకు చాలలేదు. అందుకని ఆటంతా కండక్టరు వాడే విజిల్‌నే ఇక్కడా ఇచ్చాను. ఒకసారి నొక్కితే “హోల్డాన్”, బస్సు ఆగుతుంది, పాట ఆగుతుంది, ఇంజిన్ గుడగుడ మాత్రం వినిపిస్తుంది. ఇంకోసారి నొక్కితే “రైట్ రైట్”. రాళ్ళ స్థానం పాటను బట్టే లెక్క కాబట్టి ఎన్నిసార్లు ఆపినా తాళం తప్పదు. గోడాట్ లైసెన్స్ పాఠం మాత్రం ఏ రాతి మీదా పట్టదు. దాన్ని ఇచ్చే ఫంక్షన్ గోడాట్‌లోనే ఉంది, మెనూలో ఒక పేజీ పెట్టి అందులో చూపిస్తున్నాను.

ఆరో వారం

ఇరవై నాలుగో రాతి మీద దూరం అంకె లేదు, ‘శుభం’ అని ఉంది. బస్సు దాని ముందు ఆగి, తెర నెమ్మదిగా చీకటి కావాలి. ఆదివారం వదిన మళ్ళీ ఆడింది. దారిలో నాలుగుసార్లు హోల్డాన్ కొట్టింది, తన పేరున్న రాయి దగ్గర రెండుసార్లు. శుభం దగ్గర బస్సు ఆగాక కంట్రోలరు కింద పెట్టలేదు. విజిల్ నొక్కింది, ఏమీ కాలేదు. ఇంకోసారి నొక్కింది.

“ఎవరూ దిగరేమిటి? ఆ ముసలమ్మకు రెండు రూపాయలు బాకీ రాసిచ్చాను. ఇప్పుడు నా దగ్గర చిల్లర ఉంది.”

తొమ్మిది మంది, దిగడానికి ఒక్కొక్కరికి ఆరు ఫ్రేములు, మొత్తం 54 బొమ్మలు. బాకీ ఉన్నవాళ్ళు తలుపు దగ్గర చెయ్యి చాచి నిలబడే బొమ్మలు వేరే. స్నేహితురాలికి శనివారం దర్శినిలో మసాలా దోశ ఇప్పిస్తానని చెప్పి రమ్మన్నాను, ఎందుకో ఇంకా చెప్పలేదు.