ఆవిడ పని బట్టలు

స్విమ్‌సూట్‌లో ఉన్న ఒకావిడ పాత ఫోటోని స్కానర్ మీద పెడుతూ "అంతమంది ముందు ఇలా ఎలా నిలబడిందో!" అన్నాను. మామూలుగా అనేసిన మాటే. పక్క టేబుల్ దగ్గర మా సూపర్‌వైజర్ తలెత్తి, "అవి ఆవిడ పని బట్టలు. నీ చేతి గ్లవ్స్ లాగే," అంది. గొంతు పెంచలేదు. అయినా చెంప ఛెళ్లుమన్నట్టయింది.

బోస్టన్‌లో పాత థియేటర్ల ఫోటోలు స్కాన్ చేసే కాంట్రాక్టు పని నాది. ఆ ఫోటో ఆనెట్ కెల్లర్‌మన్‌ది. ఆస్ట్రేలియా మనిషి. చిన్నప్పుడు కాళ్లలో సత్తువ లేక ఇనుప పట్టీలు కట్టారు, ఈతతో ఆ కాళ్లు గట్టిపడ్డాయి. వాడవిల్ అంటే ఒక్క టికెట్టుకే పాటలు, హాస్యం, గారడీ అన్నీ వరసగా చూపించే స్టేజీ. ఈవిడ వంతు రాగానే నీళ్ల గాజు తొట్టె, ఎత్తున దూకే పలక, చుట్టూ అద్దాలు. దూకితే ఒళ్లు అన్ని వైపులా కనపడాలి.

ఇంటికొచ్చినా ఆ మాట వదల్లేదు. ఈ ఊరి పక్కనే, రివేర్ బీచ్‌లో, ఒంటికి అతుక్కునే స్విమ్‌సూట్ వేసుకున్నందుకు 1907లో తనని అరెస్టు చేశారని ఆవిడే చెప్పుకుంది. హార్వర్డ్‌లో వ్యాయామశాల నడిపిన డాక్టర్ సార్జెంట్ టేపు పెట్టి ఆవిడ ఒళ్లు కొలిచాడు. అలాంటి చోట నాకా ఈ పాఠం? గోదావరి పుష్కరాల్లో మా అమ్మ, అత్తయ్యలు తడిచీరలతోనే రేవు మెట్లెక్కేవాళ్లు. ఎవరూ ఒక్క మాట అనేవాళ్లు కాదు. ఆ రేవు మీద బెంగ పుట్టి, ఇదంతా మర్నాడు సూపర్‌వైజర్‌కి చెప్పేయాలనుకున్నాను.

చెప్పలేకపోయాను. ముందు వారమే యూజీన్ శాండో ఫోటోలు స్కాన్ చేశాను. 1893లో షికాగో స్టేజీ మీద కండలు చూపించి జనాన్ని ఊపేసినవాడు. పాలరాతి విగ్రహంలా కనపడాలని ఒంటికి తెల్లపొడి పూసుకునేవాడు. ఒక ఫోటోలో ఒంటి మీద ఒక్క ఆకే ఉంది. అప్పుడు నాకు 'ఎలా నిలబడ్డాడో' అనిపించలేదు. పైగా మన కోడి రామ్మూర్తి నాయుడు గారిని ఇండియన్ శాండో అనేవారని, ఒంటికి చుట్టిన గొలుసుల్ని ఊపిరి బిగించి తెంచేవారని గర్వంగా చెప్పాను. మ్యాప్‌లో ఆయన పుట్టిన ఊరు వీరఘట్టం కూడా చూపించాను. వాళ్లిద్దరిలో బలం చూసిన నా కళ్లే ఈవిడలో బట్టలు చూశాయి.

మర్నాడు అదే ఫోటో భూతద్దం కింద పెట్టాను. మడమలు లేచి ఉన్నాయి. కాలివేళ్లు పలక అంచుని పట్టుకున్నాయి. పిక్క బిగిసి, దాని పక్కనే గీత పడింది. ఒకప్పుడు ఇనుప పట్టీల్లో ఉన్న కాళ్లు.

వివరాల గడిలో "స్విమ్‌సూట్‌లో యువతి" అని నేను రాసింది చెరిపేసి, "డైవర్, దూకబోయే ముందు" అని రాశాను.