పరాయి బండి మీద స్కైలైన్ దాకా

ఇండియాలో పదేళ్లు పల్సర్ నడిపాను. కాలిఫోర్నియాలో ఆ లెక్క ఎవరికీ పట్టలేదు. కారు లైసెన్సుతో ఇక్కడ బైకు ఎక్కకూడదు, ఎం1 అనే మోటారుసైకిల్ లైసెన్సు ఉండాలి. రెండు రోజుల ట్రైనింగ్ పాసై, వాళ్లిచ్చే డీఎల్ 389 సర్టిఫికెట్ లైసెన్సులిచ్చే డీఎంవీ ఆఫీసులో చూపిస్తే బండి నడిపి చూపించే పరీక్ష ఉండదు. రాత పరీక్ష మాత్రం రాయాల్సిందే.

బైకు కొంటానంటే ఇంట్లో ఒప్పుకోలేదు. అందుకే సొంత బండ్లని ఓనర్లే అద్దెకిచ్చే యాప్ వెతికాను. మన దగ్గర తెల్ల నంబరు ప్లేటు బండిని ఇలా ఇవ్వడం కుదరదు, అద్దె బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండాలి. ఇక్కడ ఓనరు ఇన్సూరెన్సు మామూలుగా అద్దెకి వర్తించదు కాబట్టి, యాప్‌లోనే ప్రొటెక్షన్ ప్లాన్ కొనుక్కోవాలి. నేను అన్నిటికంటే చవకది ఎంచుకున్నాను. డిడక్టబుల్, అంటే నష్టం జరిగితే ముందు మన జేబులోంచి కట్టాల్సిన మొత్తం, ఎంతో చూశాను గానీ, మనకెందుకొస్తుందిలే అనుకున్నాను.

లైసెన్సు కొత్తదని ఇద్దరు ఓనర్లు కాదన్నారు. మూడో ఆయన అరవై దాటిన మనిషి, రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ ఉంది. ఇంటర్‌సెప్టర్ అనే పేరు ఇక్కడ హోండాది, అందుకని అమెరికాలో దీన్ని ఐఎన్‌టీ 650 అంటారు. తమిళనాడులో తయారైన బండిని శాన్ హోసేలో అద్దెకి తీసుకోవడం నాకే నవ్వొచ్చింది.

"రెండొందల కిలోల బండి, ఆపినప్పుడు పట్టుకోగలరా?" అని ఫోన్‌లో అడిగాడు. పట్టుకోగలనన్నాను. అబద్ధం కాదు, అప్పటిదాకా పట్టుకుని చూడలేదంతే.

తాళం ఇచ్చేముందు టైర్లు, చైను, ఓడోమీటరు, ట్యాంకు మీద పాత గీతలు అన్నీ ఆయనే దగ్గరుండి ఫొటోలు తీయించాడు. సరటోగా నుంచి హైవే 9 ఎక్కాను. పెట్రోల్ బంకులోంచి బయటికొస్తూ అలవాటుకొద్దీ ఎడమవైపుకి వెళ్లబోయాను. ఎదురుగా కారు హారన్ కొట్టింది. ఆ తర్వాత ప్రతి మలుపు దగ్గరా "కుడి, కుడి" అని హెల్మెట్‌లో గొణుక్కుంటూనే ఉన్నాను.

కొండల మీదుగా పోయే స్కైలైన్ రోడ్డు మీద లోయ చూద్దామని ఆపాను. గులకరాళ్ల మీద ఎడమకాలు జారింది, బండి మెల్లగా ఒరిగింది. వేగం సున్నా. అయినా ఆపలేకపోయాను. ఇంకో రైడరొచ్చి చెయ్యేస్తే గానీ లేవలేదు. క్లచ్ లివరు వంగింది, ఇంకేమీ కాలేదు. ఫొటో తీసి వెంటనే ఓనరుకి ఫోన్ చేశాను. ముందు నాకేమైనా తగిలిందా అని అడిగాడు. లివరు పనిచేస్తుంటే మెల్లగా తిరిగి రమ్మన్నాడు. వుడ్‌సైడ్ కొండమీది ఆలిస్ రెస్టారెంట్ దాకా వెళ్లి, అక్కడి నుంచి సముద్రం పక్కన పోయే హైవే 1 చూడాలన్న ప్లాన్ అక్కడే ఆగిపోయింది.

క్లెయిమ్ వేసినా డిడక్టబుల్ దాటేదాకా ఖర్చు నాదే, లివరు ఖరీదు అందులో పదో వంతు కూడా ఉండదు. ఖరీదు యాప్‌లోనే పంపాను, బయట ఇస్తే రేపు ఏ మాటొచ్చినా రుజువుండదని ఆయనే అన్నాడు. గ్యారేజీలో ఆయన లివరు మారుస్తుంటే స్పానర్లు అందించాను. ఇంట్లో మాత్రం ట్యాంకు నింపి ఇచ్చేశానని చెప్పాను.