ఇంకా పేరు పెట్టని ఇబ్బంది

ఈరోజు సగం పూట సెలవు పెట్టి సైకాలజిస్టు దగ్గరికి వెళ్లొచ్చాను. వెళ్లింది పెద్ద ఆసుపత్రికి కాదు, ఆవిడ సొంతంగా నడుపుకునే క్లినిక్‌కి. లోపల ఒక గది, బయట కూర్చోడానికి చిన్న హాలు. ఒకరు వెళ్లిపోయాక కాస్త వ్యవధి ఇచ్చి గానీ ఇంకొకరిని రమ్మనరట, వచ్చేవాళ్లు ఒకరికొకరు ఎదురుపడకూడదని. ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చింది. తెలిసినవాళ్లెవరైనా కనిపిస్తారేమోనన్న టెన్షన్ అక్కడితో పోయింది.

ఎందుకు వెళ్లానో రాసి పెట్టుకుంటాను. చాలా కాలంగా ఏ పనీ చివరిదాకా చెయ్యలేకపోతున్నాను. ఒక మెయిల్ సగం రాసి ఇంకోటి తెరుస్తాను. మీటింగులో వింటూనే ఉంటాను, బయటికొచ్చాక ఏం మాట్లాడుకున్నారో గుర్తుండదు. పడుకున్నాక మాత్రం పగలు వదిలేసినవన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తాయి. పెద్దవాళ్లలో ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం కనిపించే ఇబ్బంది) గురించి చదివితే అచ్చం నా గురించే అనిపించింది. ఆందోళన గురించి చదివినా అలాగే అనిపించింది. డిప్రెషన్ లక్షణాల్లోనూ సగం నాకున్నవే. మూడింటిలోనూ ఏకాగ్రత దెబ్బతింటుంది, మూడింటిలోనూ నిద్ర పాడవ్వొచ్చు. బయటికి ఒకేలా కనిపించేవాటిని విడదీసి చూడటం చదువుకుని తేల్చుకునే పని కాదు. దానికి పక్కన కూర్చుని అడిగే మనిషి కావాలి.

ముందుగా ఫోన్‌లో మాట్లాడినప్పుడే ఆవిడ అడిగారు, "మీకు కావలసింది థెరపీయా, అసెస్‌మెంటా, రెండూనా?" అని. ఆ తేడా నాకు అప్పటిదాకా సరిగ్గా తెలీదు. అసెస్‌మెంట్ అంటే ఏం జరుగుతోందో తెలుసుకోవడం. దానికి మొదలూ చివరా ఉంటాయి, చివర్లో రాతపూర్వకంగా రిపోర్ట్ ఇస్తారు. థెరపీ అంటే తెలిసినదాని మీద ఇద్దరూ కలిసి పనిచేయడం. నేనూ అడగాల్సినవి అడిగాను. ఏం చదివారు, లైసెన్సు ఉందా, మొత్తం ఫీజు ఎంతవుతుంది, రిపోర్ట్ అందులోనే వస్తుందా, రాలేకపోతే ఎంత ముందు చెప్పాలి. ఒక్కదానికీ విసుక్కోలేదు. మందులు రాయడం తన పని కాదని, అవసరమనిపిస్తే సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతానని కూడా తనే చెప్పారు. ఇలాంటి ప్రశ్నలకు చిరాకు పడేవాళ్లయితే వేరేవాళ్లను వెతుక్కోవడమే మంచిదని నా అభిప్రాయం. లోపలి విషయాలన్నీ చెప్పబోయేది వాళ్లకే కదా.

ఈరోజు కూర్చోగానే ఆవిడ నా కష్టం గురించి అడగలేదు. ముందు ఒప్పుకోలు కాగితం తీసి, గోప్యత గురించి చెప్పారు. ఈ గదిలో చెప్పింది బయటికి పోదు, కానీ కొన్ని మినహాయింపులు ఉన్నాయి: నా ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపించినప్పుడు, ఒక పిల్లకో పిల్లాడికో హాని జరుగుతోందని తెలిసినప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు. మా ఆఫీసు వాళ్లు అడిగితే చెప్తారా అన్నాను. నా సంతకం లేకుండా నేను ఇక్కడికి వస్తున్నానని కూడా చెప్పనన్నారు. హద్దులు ఎక్కడున్నాయో ముందే చెప్పడం వల్ల నాకు నమ్మకం పెరిగింది. "అంతా రహస్యమే, మీరేం భయపడకండి" అని ఊరికే అనేసి ఉంటే ఇంత ధైర్యంగా మాట్లాడేవాణ్ని కాదేమో.

తర్వాత చాలాసేపు ప్రశ్నలే. చదువు, ఉద్యోగాలు, స్నేహాలు ఎలా మొదలై ఎలా ఆగిపోయాయి, ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ఇబ్బంది ఉందా. అక్కడిదాకా నేను ఊహించినవే. థైరాయిడ్ చూపించుకున్నారా, తలకు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా, నిద్రలో గురక పెడతారా, పొద్దున్న లేచేసరికి తలనొప్పి ఉంటుందా అని అడుగుతారని మాత్రం అనుకోలేదు. థైరాయిడ్ తేడా చేసినా, రక్తం తక్కువైనా, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తున్నా ఇదే నీరసం, ఇదే మతిమరుపు వస్తాయట. ఒంట్లో ఉన్న కారణాన్ని వదిలేసి మనసుకు పేరు పెట్టకూడదు కదా అన్నారు. రక్త పరీక్ష కోసం డాక్టరుకు ఒక చీటీ రాసిచ్చారు.

రెండు ఫారాలు నింపాను. పీహెచ్‌క్యూ-9 డిప్రెషన్ గురించి, జీఏడీ-7 ఆందోళన గురించి. గడిచిన రెండు వారాల్లో ఒక్కో ఇబ్బంది ఎంత తరచుగా వచ్చిందో 0 నుంచి 3 దాకా మార్కు పెట్టాలి. మొదటిదానికి మొత్తం 27, రెండోదానికి 21. నాకు మొదటిదాంట్లో 12, రెండోదాంట్లో 14 వచ్చాయి. "అయితే నాకు రెండూ ఉన్నట్టేనా?" అని అడిగేశాను. కాదన్నారు. 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఇంకా లోతుగా చూడాలని అర్థం, అంతేగాని ఆ అంకె రోగనిర్ధారణ కాదు. ఏడీహెచ్‌డీకీ ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున తయారైన 18 ప్రశ్నల ఫారం ఒకటి ఉంది. అదీ ఇంతే, తలుపు తీస్తుంది గాని లోపల ఏముందో చెప్పదు.

పీహెచ్‌క్యూలో తొమ్మిదో ప్రశ్న, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి. నేను సున్నా పెట్టాను. అయినా ఆవిడ కాగితం పక్కన పెట్టి, నా మొహం చూస్తూ, అదే ప్రశ్న మళ్లీ మామూలు గొంతుతో అడిగారు. ఎప్పుడైనా అలా అనిపించిందా, ఇప్పుడు కాకపోయినా? అలా అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందని చాలామంది భయపడతారు. పుట్టదు. నిజంగా ఆ ఆలోచన ఉన్నవాళ్లకు, దాన్ని పైకి చెప్పుకోడానికి అదొక దారి. అడిగే ధైర్యం ఉన్న మనిషి ఎదురుగా ఉంటే ఎలా ఉంటుందో నాకు ఈరోజు తెలిసింది.

ఇవాళ్టి అసలు సంగతి అమ్మతో మాట్లాడించడం. ఏడీహెచ్‌డీ అనాలంటే కొన్ని లక్షణాలైనా 12 ఏళ్ల లోపే కనపడి ఉండాలి. అదీ ఒక్క చోట కాదు, ఇంట్లోనూ బళ్లోనూ. నా జ్ఞాపకం ఒక్కటే సరిపోదు కాబట్టి నా ఒప్పుకోలు తీసుకుని అమ్మకు ఫోన్ చేశారు, స్పీకర్‌లో. అమ్మ ముందు కంగారు పడింది. తర్వాత కుదురుకుంది.

"చిన్నప్పుడు బళ్లో ఎలా ఉండేవాడండీ?" అని ఆవిడ అడిగారు.

"బంగారం అండీ. కూర్చున్న చోటి నుంచి లేచేవాడు కాదు. ఒక్క పెన్సిలు కూడా పోగొట్టుకునేవాడు కాదు. వాళ్ల నాన్నగారు పోయాకే, తొమ్మిదో తరగతిలో, మారిపోయాడండీ. రాత్రిళ్లు లేచి తలుపు గడియ వేసి ఉందో లేదో చూసేవాడు. గ్యాస్ కట్టేశామో లేదో చూసేవాడు. మళ్లీ పడుకున్నట్టే పడుకుని మళ్లీ లేచేవాడు. నేను నిద్రపోతున్నాననుకునేవాడు పాపం."

నాకు మాట రాలేదు. నిజంగానే అమ్మ నిద్రపోయేదనుకున్నాను ఇన్నేళ్లూ. ఆ గడియ సంగతి నేనే ఎప్పుడో మర్చిపోయాను. ఆవిడ ఏమీ తేల్చలేదు. అమ్మ చెప్పింది చాలా ముఖ్యమైన విషయమని, అయితే కుదురుగా కనిపించే పిల్లల్లో కూడా ఏడీహెచ్‌డీ మరుగున పడి ఉండొచ్చని, బడి నుంచి వచ్చిన ప్రోగ్రెస్ కార్డులు ఏమైనా దొరికితే తెమ్మని అన్నారు. టీచర్లు పక్కన రాసే ఒకటి రెండు ముక్కలు మార్కుల కన్నా ఎక్కువ పనికొస్తాయట.

నేను ఒక పేరు కోసం వెళ్లాను, అది నిజం. పేరుంటే నాలో లోపం లేదని అందరికీ చెప్పొచ్చనుకున్నాను. ఫోన్ పెట్టేశాక ఆ పేరు మీద ఆత్రం తగ్గింది. తలుపు గడియ చూసొచ్చే ఆ పిల్లాడి గురించి ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు, నేను కూడా. అది ఆందోళనో, దుఃఖమో, ఇంకేదైనానో తర్వాత తెలుస్తుంది. అడగడమంటూ మొదలైంది.

పరీక్షల గురించి ఎక్కువ రాయను. అంకెలు, ఆకారాలు, మాటలతో చేయించినవి కొన్ని ఇవాళ అయ్యాయి, మిగతావి వచ్చే సిట్టింగులో. వాటిలో ఏం ఉంటుందో ముందే తెలిస్తే ఫలితానికి విలువ ఉండదు, అందుకే దాచుకుంటాను. సగటు 100 దగ్గర పెట్టి లెక్కేస్తారని, మొత్తం స్కోరు కంటే ఏ భాగంలో ఎక్కువ, ఏ భాగంలో తక్కువ అన్నదే తాను చూస్తానని చెప్పారు. ఇంకు మరకలు చూపించి, వాటిలో ఏం కనిపిస్తోందో చెప్పమంటారా అని అడిగాను. అది 1921 నాటి రోర్షాక్ పరీక్ష, ఇప్పటికీ వాడేవాళ్లు ఉన్నారు, కానీ మీ ప్రశ్నకు దాని అవసరం లేదన్నారు. మన ప్రశ్నను బట్టి పరీక్ష ఎంచుకుంటారన్నమాట. ఉన్నవన్నీ వరసపెట్టి చేయించేస్తే అది వైద్యం కాదు.

అన్నీ అయ్యాక ఒకరోజు కూర్చోబెట్టి ఫలితాలు వివరిస్తారు. రిపోర్ట్ ఖాయం చేసేముందు నేను చదివి, వివరాల్లో తప్పులుంటే చెప్పొచ్చు. థెరపీ మొదలుపెడితే, సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే పద్ధతి) అయితే మామూలుగా 6 నుంచి 20 సిట్టింగుల దాకా ఉంటుందని, తనతో కుదరట్లేదనిపిస్తే మొహమాటం లేకుండా చెప్పమని, ఇంకొకరి పేరు తనే ఇస్తానని అన్నారు. అప్పటిదాకా నిద్ర లెక్క రాయాలి: ఎన్నింటికి పడుకున్నాను, ఎన్నిసార్లు లేచాను, ఎన్నింటికి మెలకువ వచ్చింది. ఈ రాత్రి నుంచే మొదలు.

సాయంత్రం అమ్మ మళ్లీ ఫోన్ చేసింది. "నేనేమైనా చెప్పకూడనిది చెప్పానేంట్రా?" అంది. లేదమ్మా, చాలా మంచి పని చేశావు అన్నాను. కాసేపు ఇద్దరం నాన్న గురించి మాట్లాడుకున్నాం, చాలా రోజుల తర్వాత. నా నాలుగు, ఆరు తరగతుల ప్రోగ్రెస్ కార్డులు పెట్టెలో దొరికాయట. ఐదో తరగతిది కూడా ఉండాలి, రేపు అటక మీద చూస్తానంది. అటకెక్కొద్దు, దొరికినవి ఫోటో తీసి పంపు చాలన్నాను.