హైకూ ఆపరేటింగ్ సిస్టమ్‌లో పద్యాల కేటలాగ్: పని ఎంతవరకు వచ్చింది

రంగస్థల పద్యాల పాత క్యాసెట్లను ఎంపీ3లుగా మార్చి ఒక ఫోల్డర్‌లో పడేసి ఉంచాను. ఫైలు పేర్లకు తలా తోకా లేదు. నటుడు, వేషం, రాగం పట్టి వెతుక్కునే చిన్న ప్రోగ్రామ్ ఒకటి హైకూలో రాస్తున్నాను. హైకూనే ఎందుకంటే, ఈ పనికి అక్కడ విడిగా డేటాబేస్ అక్కర్లేదు.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు. 1990లలో బీ అనే కంపెనీ బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది. ఆ కంపెనీ కథ ముగుస్తున్న 2001లో కొందరు ఔత్సాహికులు దాన్ని మళ్లీ మొదటి నుంచి రాయడానికి పూనుకున్నారు. అదే హైకూ. ఇంకా బీటా, అంటే పరీక్షల దశ, దాటలేదు. నా దగ్గరున్నది 2024 సెప్టెంబరులో వచ్చిన బీటా 5, 64 బిట్. వర్చువల్ మెషీన్‌కి (ఉన్న కంప్యూటర్‌లోనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్) 2 జీబీ ర్యామ్ ఇస్తే హాయిగా నడుస్తోంది. ప్రోగ్రామ్ తయారీకి కావలసిన కంపైలర్, హెడర్ ఫైళ్లు సిస్టమ్‌తోనే వస్తాయి.

నేర్చుకోవడానికి పుస్తకాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. సీ++ భాషకు కొత్తవాళ్లయితే డార్క్‌విర్మ్ రాసిన ‘లెర్నింగ్ టు ప్రోగ్రామ్ విత్ హైకూ’ పాఠాలు చాలు, ఉచితం. తర్వాత ‘బీ బుక్’, అంటే బీఓఎస్‌కి ప్రోగ్రాములు రాసేవాళ్ల గైడు. బీఓఎస్ కాలం నాటిదే అయినా, అందులో చెప్పిన క్లాసుల్ని (ప్రోగ్రాముల్లో వాడుకునే సిద్ధమైన కోడ్ ముక్కలు) హైకూ అలాగే నిలబెట్టింది కాబట్టి ఈనాటికీ పనికొస్తుంది. నాకు అన్నిటికన్నా అక్కరకొచ్చింది మాత్రం హైకూతో వచ్చే పీపుల్ ప్రోగ్రామ్ సోర్స్ కోడ్. అడ్రస్‌బుక్‌లోని ఒక్కో మనిషి అక్కడ ఒక్కో ఫైలు. లోపల ఏమీ ఉండదు, పేరూ ఫోన్ నంబరూ అన్నీ ఫైలుకు చీటీల్లా తగిలించిన అట్రిబ్యూట్లే. నాకు కావలసిందీ అదే.

కోడ్ రాసే ఎడిటర్ల విషయానికొస్తే జెనియో, పలాడిన్ ఉన్నాయి. జెనియోలో కోడ్ పూరణ బాగుంది. ఇంత చిన్న ప్రోగ్రామ్‌కి మాత్రం పీఈ ఎడిటరూ, సిస్టమ్‌లోనే ఉండే నమూనా మేక్‌ఫైలూ (ప్రోగ్రామ్‌ని ఎలా కట్టాలో చెప్పే ఫైలు) చాలనిపించింది. అందులో ప్రోగ్రామ్ పేరు, సోర్స్ ఫైళ్లు, లైబ్రరీల వరుస నింపితే సరి. మెనూలను అనువదించే ఆలోచన ఉంటే లైబ్రరీల్లో అనువాదాలకు పనికొచ్చే లొకేల్‌స్టబ్ కూడా చేర్చాలి.

అసలు పని ఇండెక్సులది, అంటే త్వరగా వెతకడానికి సిస్టమ్ ఉంచుకునే పట్టికలది. రాగం పట్టి వెతకాలంటే ముందు టెర్మినల్‌లో ఎంకేఇండెక్స్ కమాండ్‌తో ఆ అట్రిబ్యూట్‌కి స్ట్రింగ్ (అక్షరాల) రకం ఇండెక్స్ పెట్టాలి. ఇండెక్స్ పుట్టకముందే రాసిన విలువలు అందులోకి రావు, వాటికి రీఇండెక్స్ కమాండ్ ఉంది. కాబట్టి ఇండెక్స్ ముందు, డేటా ఎంట్రీ తర్వాత. ఫైల్‌టైప్స్ సెట్టింగుల్లో ఎంపీ3 రకానికి ఈ అట్రిబ్యూట్లు చేర్చాక, ఫైళ్లను చూపించే ట్రాకర్ విండోలో ‘రాగం’ అనే కాలమ్ వచ్చి కూర్చుంది. అక్కడే క్లిక్ చేసి ‘మోహన’ అని మార్చెయ్యొచ్చు. నా ప్రోగ్రామ్‌లో బీక్వెరీ, అంటే ఆ ఇండెక్సుల్లో వెతికే క్లాసు, లైవ్‌గా నడుస్తోంది. ట్రాకర్‌లో రాగం మార్చగానే నా విండోలోని జాబితా దానంతటదే మారుతుంది. దీనికోసం మెసేజ్‌రిసీవ్డ్‌లో (విండోకి వచ్చే సందేశాల్ని అందుకునే ఫంక్షన్) నేను రాసింది పట్టుమని పది లైన్లు కూడా లేదు. మిగతా చోట్ల ఇదే పనికి ఎంత తంటా పడాలో తెలిసినవాళ్లకి దీని విలువ తెలుస్తుంది.

థ్రెడ్ల సంగతి మాత్రం మొదటే తలకెక్కించుకోవాలి. హైకూలో ప్రతి విండోకీ సొంత థ్రెడ్, అంటే విడిగా నడిచే పని వరుస, ఉంటుంది. వేరే థ్రెడ్ నుంచి విండోని ముట్టుకోవాలంటే ముందు లాక్ చెయ్యాలి. లేకపోతే లూపర్ (విండో థ్రెడ్‌ని నడిపేది) లాక్ అయి ఉండాలంటూ, తప్పులు పట్టే డీబగ్గర్ అడ్డం పడుతుంది. లాకుల టెన్షన్ ఎందుకని నేను అన్నీ బీమెసేజ్‌లతోనే (థ్రెడ్ల మధ్య పంపే సందేశాలు) పంపుతున్నాను.

తెలుగుతో ఒక తలనొప్పి ఉంది. అట్రిబ్యూట్లలో అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8 కాబట్టి ‘కాంభోజి’ అని రాసినా, వెతికినా ఇబ్బంది లేదు. తెరమీదే చిక్కు. బీటా 5లో హైకూ సొంత విండోలు అక్షరాల్ని కలిపి గీయవు, ‘కృష్ణుడు’ అనే వేషం పేరులో ఒత్తులు విడివిడిగా పడతాయి. ఫాంట్ మార్చినా లాభం లేదు. అందుకని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన రూపాన్ని ఇంకో అట్రిబ్యూట్‌లో దాచి, జాబితాలో ప్రస్తుతానికి దాన్నే చూపిస్తున్నాను.

బ్యాకప్ తీసేవాళ్లకి ఒక మాట: ఫ్యాట్ ఫార్మాట్ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే అట్రిబ్యూట్లన్నీ గాలికి పోతాయి. పెన్‌డ్రైవ్‌ని కూడా హైకూ సొంత ఫార్మాట్ బీఎఫ్‌ఎస్‌లోనే ఫార్మాట్ చేసుకోవాలి. ఇక రాయాల్సింది, అట్రిబ్యూట్లన్నిటినీ మామూలు టెక్స్ట్ ఫైలుగా ఎగుమతి చేసే బటన్. ఆ తర్వాతే ప్లే బటన్ జోలికి వెళ్తాను.