బొమ్మలేసినాయన బల్ల

"వచ్చేశాడ్రా!" అని ఒక్క కేక. అంతే, విజయవాడ కామిక్స్ మేళా హాల్లో జనమంతా సినిమా హీరో కోసం స్టేజీ వైపు పరుగు. ఆ తోపులాటలో కామిక్స్ బల్ల ఒరిగి పుస్తకాలన్నీ కిందపడ్డాయి.

వాటిని గీసినాయన నేలమీద కూర్చుని ఒక్కోటీ చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. వేళ్ల సందుల్లో నల్ల ఇంకు మరకలు. నేనూ పక్కన కూర్చుని ఏరాను. పేజీకి ఎంతసేపు పడుతుందండీ అంటే, "పెన్సిలుకో రోజు, ఇంకుకో రోజు. రంగులూ అక్షరాలూ మళ్లీ వేరే అండీ" అన్నాడు.

ఆ నటుడి మీద నాకేం కోపం లేదు. తెనాలి నుంచి, గుడివాడ నుంచి పిల్లలొచ్చింది ఆయన కోసమే. కానీ ఆయనకి ఏసీ గది, పూలదండ, ఫొటోకి విడిగా టికెట్. ఈయనేమో బల్లకి ఎదురు అద్దె కట్టాలట! అదే మింగుడుపడట్లేదు.

అమెరికాలో, శాన్ డియాగోలో 1970లో కామిక్ కాన్ అనే కామిక్స్ మేళా మొదలుపెట్టింది కామిక్స్ పిచ్చోళ్లే. బొమ్మలేసే జాక్ కర్బీ అప్పుడు అతిథి. ఇప్పుడు అక్కడా సినిమావాళ్ల సందడే ఎక్కువ.

మనమూ అంతేగా. భుజాన బేతాళుణ్ని మోసే విక్రమార్కుడి బొమ్మ చందమామలో చూడనివాళ్లు మా ఇంట్లో లేరు. గీసింది శంకర్ అని ఎంతమందికి తెలుసు?

విజయవాడలో ఇలాంటివి ఇంకా జరగాలి. నిర్వాహకులకి ఒక్క మాట: బల్లలకి అద్దె తీసుకోకండి. హీరో వచ్చేముందు హాలు నిండుగా ఉంటుంది కదా, ఆ అరగంట మైకు ఈ బొమ్మలేసేవాళ్లకివ్వండి.